నూట అరవై మూడు విస్తళ్ళు

రోజు 9412
పక్క విస్తరి: పలనాటి యుద్ధంలో పల్లకీ మోసిన బోయీ. పేరు దొరకలేదు.
వంట: జొన్న సంకటి, మిరియాల చారు.
వంతు: నూకయ్య.

గోడా, రాసుకో. ఊరి లెక్కలన్నీ చూసే యంత్రానివి, పనికొచ్చేవే రాయి తల్లీ. పోయిన నెల నేను నూకయ్యని తిట్టిన తిట్లన్నీ పొల్లుపోకుండా రాసిపెట్టావు. అవి సభలో పైకి చదివారు. ఊరంతా నవ్వింది, నూకయ్య మాత్రం రెండు రోజులు అలిగి కూరలు తరగలేదు.

ఇవాళా రభసే. చారులో ఎండుమిరపకాయలు తుంపబోతుంటే ఆయన చెయ్యి మీద ఒక్కటిచ్చాను.

"పలనాటోడికి కారం లేకుండా కూడు పెడతావా బుల్లెమ్మాయీ, పాపం తగులుద్ది" అన్నాడు. ఆ యుద్ధం నాటికి మిరపకాయ మన దేశం మొహమే చూడలేదు మహానుభావా, మిరియాలే గతి అని ఎంత చెప్పినా వినడే! చివరికి నువ్వు తేదీలు చదివి వినిపిస్తే గానీ నోరు మూసుకోలేదు.

పన్నెండింటికి గంట కొట్టాం. నాలుగొందల మందికీ స్టీలు కంచాలు. హాలు చివర ఒక చాప, చాప ముందు ఒక్క అరిటాకు. ఈ ఊరు పుట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. భూమ్మీద యుద్ధాల్లో పోయినవాళ్ళలో రోజుకొకరికి విస్తరి వేస్తాం. వాళ్ళు ఇష్టంగా తినే వంటే వండాలి. వంతు వచ్చినవాళ్ళు లేచి, ఆ మనిషెవరో పైకి చదివి, ఆయన బదులు కూర్చుని తినాలి. మెతుకు వదలకూడదు. జాబితాలో పదిహేను కోట్ల మంది ఉన్నారు. రోజుకొకరు చొప్పున నాలుగు లక్షల పదివేల ఏళ్ళు పడుతుందని నువ్వే చెప్పావు. నాకిప్పుడు యాభై ఆరు. కంగారేం లేదు.

నూకయ్య చదివాడు. "పల్లకీలో కూర్చున్నాయన పేరు తెలుసు. మోసినాయన పేరు తెలీదు." అని కూర్చున్నాడు. కారం లేదని సణుగుతూనే రెండుసార్లు చారు పోయించుకున్నాడు.

కంచాల దగ్గర మాటలన్నీ మంచు గురించే. ఈ అంగారకుడి మీద నీళ్ళంటే మా లోయ అడుగున ఉన్న ఆ మంచే. తూర్పుగట్టు మీద మేము, పడమటిగట్టు మీద వాళ్ళు. మధ్యలో తీగ మీద వేలాడుతూ తిరిగే తీగబండి. ఈ ఏడు వాళ్ళు మంచులోకి ఇంకో గొట్టం దించారు. మా తొట్టిలో నీళ్ళు మూరెడు తగ్గాయి. మా తమ్ముడు విశ్వేశ్వరుడు ఊరికి పెద్ద, నాకు మాత్రం విస్సు. సగం తిని లేచిపోయాడు. వాడు కంచంలో అన్నం వదిలాడంటే ఏదో తలపెట్టాడన్నమాటే.

రోజు 9415
పక్క విస్తరి: మొదటి ప్రపంచ యుద్ధంలో, ఎక్కడో ఎడారిలో కంచరగాడిదలు తోలినవాడు. పంతొమ్మిదేళ్ళు. ఎక్కడ పోయాడో వాళ్ళమ్మకి చెప్పినవాళ్ళు లేరు.
వంట: చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ.
వంతు: విస్సు.

చద్దన్నం తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి, అదే చెయ్యి యుద్ధానికి ఎత్తాడు మా విస్సు.

సభ మా భోజనాల హాల్లోనే జరుగుతుంది, ఊళ్ళో అంతకన్నా పెద్ద గది లేదు. పదకొండు మంది సభ్యుల్లో ఏడుగురు చేతులెత్తారు. ఊరి కాపుదల చూసే రామభద్రం అయితే రెండు చేతులూ ఎత్తాడు, ఒకటే లెక్కని చెప్పి రెండోది దింపించారు. "అందరికన్నా ముందు లోయలోకి నేను దిగుతాను" అన్నాడు విస్సు. ఆ మాట మిగతా ఆరుగురూ అనలేదు.

అప్పుడు నువ్వు చట్టం చదివావు గోడా. ఇరవయ్యారేళ్ళుగా ఎవరూ వాడని చట్టం. సగం మంది అలాంటిదుందనే మర్చిపోయారు. యుద్ధానికి పోయేముందు, అందులో ఎవరెవరు చచ్చిపోతారో, మావాళ్ళూ అవతలివాళ్ళూ, అందరికీ ముందుగా విస్తరి వేయాలి. చేతులెత్తినవాళ్ళే తమ చేత్తో వడ్డించాలి. ఒక్కో విస్తరి ముందూ ఆగి, "ఇది నీ ఆఖరి ముద్ద, నా చేత్తో పెడుతున్నాను" అని చెప్పాలి. ఒక్క విస్తరి మిగిలిపోయినా యుద్ధం లేదు.

"ఖాళీ ఆకుల ముందు ఒక మాట అనడానికేం, గంటలో అయిపోద్ది" అన్నాడు భద్రం.

వడ్డన దాకా పేర్లు వంటింటివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే పేరున్నవాడు తప్పుకుంటాడు, ఆ చావు పోయి ఇంకొకడి మీద పడుతుంది. అందరూ వెళ్ళాక వంటింటి తలుపు వేసి, చదవవే అన్నాను. ఎవరు ఏ పని చేస్తారు, ఏ గొట్టం పగిలితే ఏ గదిలో గాలి పోతుంది, అన్నీ కలిపి నువ్వు తేల్చిన పేర్లు. నూట అరవై మూడు. మావాళ్ళు డెబ్బై ఒక్కరు, అవతల తొంభై ఇద్దరు.

నలభయ్యో పేరు దగ్గర నా చేతిలో గరిటె జారిపోయింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివావు.

కొమ్ముల విశ్వేశ్వరుడు. నలభై ఆరేళ్ళు. ఊరి పెద్ద.

మా అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. ముద్దలు కలిపి పెట్టి పెంచాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇది రాసుకో, ఫరవాలేదు. చేతులెత్తిన ఏడుగురిలో పేరున్నది వీడిదొక్కటే. ముందు దిగుతానన్నది వీడొక్కడే కదా మరి.

వాడికి చెప్పకూడదు. చెబితే మాత్రం వింటాడా? "నాకు భయమని చెప్పి ఆపమంటావా అక్కా" అంటాడు. వాడి సంగతి నాకు తెలీదూ!

రోజు 9416
పక్క విస్తరి: రెండో ప్రపంచ యుద్ధం, లెనిన్‌గ్రాడ్ ముట్టడి. బళ్ళో లెక్కలు చెప్పే ఆవిడ. రోజుకు నూట పాతిక గ్రాముల రొట్టె మీద అయిదు వారాలు నెట్టుకొచ్చి పోయింది.
వంట: పాలు పోసి ఉడికించిన బంగాళాదుంపలు, పైన వెన్న.
వంతు: తోటలో పనిచేసే సింహాచలం.

సింహాచలం తింటూ ఏడ్చాడు. వెన్న ఎక్కువైందని కూడా అన్నాడు. రెండూ రాసుకో.

ఇవాళ పని మొదలెట్టాం. మావాళ్ళ డెబ్బై ఒక్కరికీ ఏం కావాలో ఎవర్నీ అడగక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళ కడుపులు నా చేతిలోనే ఉన్నాయి. పంపు గది కోటయ్యకి వంకాయ కూర, అదీ కారం పెట్టి. బడి పంతులమ్మకి పెసరట్టు, అల్లం లేకుండా. విస్సుకి ఆవపెట్టిన పనసపొట్టు కూర. తోటలో ఉన్నది ఒకే ఒక పనసచెట్టు. దాని లేత కాయ కోసుకు రమ్మంటే సింహాచలం నన్ను ఎగాదిగా చూశాడు, ఎవరికని మాత్రం అడగలేదు.

అవతలి తొంభై ఇద్దరి సంగతే తేలలేదు. చచ్చినవాళ్ళకి ఏం ఇష్టమో నువ్వు కాగితాలు వెతికి చెబుతావు. వీళ్ళింకా బతికే ఉన్నారాయె. బతికున్నవాడికి అడక్కుండా వండకూడదన్నది మా వంటింటి రివాజు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మేం అడిగి మరీ పెడతాం.

"అడుగుదాం, దాందేముంది" అన్నాడు నూకయ్య. పుట్టినరోజులకీ, నెలలు నిండినవాళ్ళకీ పంపే చీటీలు డ్రాయర్లో దొంతరలుగా ఉన్నాయి. వాటి మీద ముందే అచ్చేసి ఉంటుంది: "మీ పేరున విస్తరి వేస్తున్నాం. ఏం వండమంటారు? తూర్పుగట్టు వంటిల్లు." పైన పేరు, కింద రోజు, పన్నెండు గంటలు అని నూకయ్య తన గుండ్రటి అక్షరాలతో నింపాడు. తొంభై రెండు చీటీలూ తీగబండి టపా సంచిలో వేశాం. విత్తనాలూ మందులూ ఇచ్చిపుచ్చుకోవాలి గనక ఆ బండి మాత్రం ఇంకా తిరుగుతోంది.

పని సక్రమంగా చేశామని ఇద్దరం టీ కూడా తాగాం.

రోజు 9418
పక్క విస్తరి: రెండో ప్రపంచ యుద్ధమే, బెంగాల్ తీరం. శత్రువులకి చిక్కకూడదని సర్కారు పడవలు లాగేసుకుంటే, ఆ వచ్చిన కరువులో పోయిన జాలరి.
వంట: ఆవపెట్టిన చేప. ఆయన అడిగేది పులస. మా తొట్టిలో పెరిగే చేపకి ఆ పేరు పెడితే పులస నవ్వుతుంది.
వంతు: బడి పంతులమ్మ.

టపా వచ్చింది. తొంభై రెండు జవాబులూ వచ్చాయి. నేను చూసుకోలేదు గానీ, సంచితో పాటు పెద్ద చిక్కే వచ్చింది.

మొదట నవ్వుకుంటూ చదివాం. అరవై మందికి పైగా సంగటి, ఊరిబిండి అని రాశారు. ఊరిబిండి అంటే ఏమిటని నూకయ్య కంగారుపడ్డాడు, వేరుశనగ పచ్చడి నాయనా అని చెప్పాను. ఒకాయన "ఏం పెట్టినా సరే, ఉప్మా వద్దు" అని రాశాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఒకావిడ ఉత్తరమే రాసింది.

"అక్కా, నేను పడమటిగట్టు వంటామెను, ఓబుళమ్మ. డెబ్బై ఏండ్లు నాకు. మీరు బోజనానికి పిల్చినారని మావోళ్ళు శానా సంతోషపడిరి. ఇన్నాళ్ళకు మీ గట్టోళ్ళకు మంచి బుద్ధి పుట్టె. నా సంగటి నేనే కెలుకుతా, మీకు చేతకాదు, ఏమనుకోవాకండి. చీటీలు రాని పిల్లోళ్ళు ఏడుస్తాండారు. వాళ్ళను గూడా పిల్చుకొని రావచ్చునా?"

నూకయ్య మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు.

"వాళ్ళు... వస్తారా?" అన్నాడు.

ఓరి నా బుద్ధి కాల! మాకు విస్తరి అంటే ఏమిటో ఊరు పుట్టినప్పటి నుంచీ తెలుసు. వాళ్ళ ఊరు నిన్నగాక మొన్న పుట్టింది, ఈ పద్ధతి వాళ్ళకి లేదు. విస్తరి వేస్తున్నాం, ఏం తింటారూ అంటే ఎవరైనా ఏమనుకుంటారు? విందుకి పిలిచారనే అనుకుంటారు. చావు కూటికి చీటీలు పంపి పెళ్ళి భోజనానికి పిలిచినట్టు చేశాను.

అడుగున ఇంకో చీటీ ఉంది. పెద్దపెద్ద అక్షరాలు, పక్కన పువ్వు బొమ్మ. "సుంకమ్మ. ఏడేండ్లు. రెండు ఓళిగలు. ఒగటి మా తమ్మునికి."

బొబ్బట్లు అడుగుతోంది. వాళ్ళ బడి పంపు గదిని ఆనుకుని ఉంటుంది, అందుకే ఆ పిల్ల పేరు పడింది. తమ్ముడి పేరు జాబితాలో లేదు. వాడు బడికి పోయే వయసు కాదు కాబోలు.

రావద్దని రాస్తే ఎందుకొద్దో చెప్పాలి. చెబితే పేర్లు బయటపడతాయి, అక్కడా గొట్టాలూ కర్రలూ పట్టుకుంటారు, యుద్ధం రేపే మొదలవుతుంది. రమ్మంటే, భద్రం ఊరుకుంటాడా? ఇంటికొచ్చిన తొంభై మందిని గదిలో వేసి తాళం పెట్టినా పెడతాడు. ఎటు చూసినా గొయ్యే. ఒకటి మాత్రం గట్టిగా తెలుసు. ఖాళీ ఆకుల ముందైతే మా తమ్ముడు ఆ మాట చదివేస్తాడు. గంటలో అయిపోతుంది. ఆ తర్వాత వాడు లోయలోకి దిగుతాడు.

కాగితం తీసుకుని రాశాను. "ఓబుళమ్మ వదినా, పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. సంగటి మీరే కెలకండి. బుల్లెమ్మాయి."

"పొరపాటున పిలిచాం. ఇప్పుడు తెలిసే పిలుస్తున్నావు" అన్నాడు నూకయ్య.

"అవును. నువ్వు వెళ్ళి పనసకాయ చెక్కు తియ్యి" అన్నాను.

రోజు 9419
పక్క విస్తరి: ఇరవై ఒకటో శతాబ్దం. రొట్టెల బట్టీ నడిపినాయన. పిండి కలుపుతుంటే డ్రోన్ వచ్చి పడింది. ఆ రోజుల్లో అది మామూలేనట.
వంట: నువ్వులద్దిన రొట్టె.
వంతు: నాది.

చదివాను, తిన్నాను. తోటి వంటవాడు కదా, రొట్టె మాడకుండా చూసుకున్నాను.

తోటలో అరటిచెట్లు బోడిగుండ్లయ్యాయి. నూట అరవై మూడు ఆకులంటే మాటలా! నూకయ్య పొద్దుట్నుంచీ పనసపొట్టు కొడుతున్నాడు. కత్తికీ చేతికీ నూనె రాసుకుని, జిగురు అంటకుండా, సన్నగా రవ్వలా కొట్టాలి. ఈ ఊళ్ళో ఆ పని వచ్చినవాడు ఆయనొక్కడే.

మధ్యాహ్నం విస్సు వంటింట్లోకి వచ్చాడు. పోపు వాసన వాడి ముక్కుకి ఆమడ దూరం నుంచే తెలుస్తుంది.

"పనసపొట్టా? అక్కా, ఒక్క ముద్ద కలిపి పెట్టవే."

"నీ కోసం కాదు."

"మరెవరికి?"

"చెప్పకూడదని నీకు తెలీదూ? రేపు తినేవాడికి పెడతాను."

వాడు గడప మీద కూర్చున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి, నిద్రపోయినట్టు లేదు. "నీళ్ళు ఇంకో మూరెడు తగ్గితే పిల్లలకి కూడా కొలిచి పోయాలి. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"వాళ్ళతో మాట్లాడావా?"

"నాలుగు ఉత్తరాలు రాశాను. చట్టం ప్రకారం, షరతు ప్రకారం అని వాళ్ళూ నాలుగు రాశారు."

"ఎదురెదురుగా కూర్చున్నారా అని అడుగుతున్నాను."

వాడి తల మీద చెయ్యి వేశాను. చిన్నప్పటిలా ఊరుకున్నాడు. నోటిదాకా వచ్చింది గోడా, పళ్ళు బిగించి మింగాను. బెల్లం ముక్క చేతిలో పెట్టి పొమ్మన్నాను.

రోజు 9420
పక్క విస్తరి: నూట అరవై మూడు.

పదిన్నరకి తీగబండి మొదటి విడత దిగింది. ఆరు విడతల్లో వచ్చారు. తొంభై ఇద్దరూ, పిలవని పిల్లలు ముప్ఫై పైచిలుకు. ఉతికిన బట్టలు, తలలకి నూనె. ఒకాయన వేరుశనక్కాయల మూట భుజానేసుకొచ్చాడు. ఇంకొకావిడ ఊరగాయ జాడీని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది. ఓబుళమ్మ సంగటి కర్ర పట్టుకుని ముందు నడుస్తోంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం హాలంతా నిండింది. "యాడమ్మా పొయ్యి?" అంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది.

భద్రం పరుగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "బుల్లెమ్మాయిగారూ, మీరు దేవత. వచ్చినవాళ్ళని వచ్చినట్టే గోదాంలో పెట్టి తాళం వేస్తే సగం యుద్ధం గెలిచినట్టే!"

"చాప మీద కూర్చున్నవాణ్ణి తిని లేచేదాకా ముట్టుకోకూడదు. ఇది ఈ ఊరి మొదటి చట్టం. నీ కాపుదల ఆ తర్వాత ఎప్పుడో పుట్టింది."

"తిన్నాక?"

"తిన్నాక చూద్దాం. ముందు గరిటె పట్టు. చెయ్యెత్తావుగా?"

విస్సు నా వైపు చూసిన చూపు చెప్పలేను. "అక్కా, ఏం చేశావే?" అన్నాడు మెల్లిగా. "అడక్కుండా వండకూడదు కదరా, అడిగాను. వాళ్ళొచ్చారు" అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం.

వాళ్ళు పేరు చీటీలు చూసుకుని చాపల మీద కూర్చున్నారు. మధ్యమధ్య మావాళ్ళ ఆకులు ఖాళీగా ఉన్నాయి, చీటీలు బోర్లించి. మా ఊరివాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. పన్నెండింటికి గంట కొట్టారు. ఏడుగురూ గరిటెలు పట్టుకుని దిగారు. తెలివిగా ముందు ఖాళీ ఆకుల వైపే పోయారు.

విస్సు మొదటి చీటీ తిప్పి చదివాడు. "పంపు గది కోటయ్య. వంకాయ కూర." తల వంచుకుని ఆ మాట చెప్పాడు. "ఇది నీ ఆఖరి ముద్ద, నా చేత్తో పెడుతున్నాను."

గోడ దగ్గర్నుంచి "నాకా?" అని వినపడింది.

కోటయ్య అక్కడే ఉన్నాడు. పేర్లు ఇలా పైకి చదువుతారని ఎవరికీ తట్టినట్టు లేదు. కోటయ్య కాసేపు అటూ ఇటూ చూశాడు. "వంకాయ చల్లారిపోతుందయ్యా" అన్నాను. వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. ముద్ద కలుపుకుని తిన్నాడు. ఆ తర్వాత చీటీ తిప్పడం ఆలస్యం, గోడ దగ్గర్నుంచి ఒకరు కదిలి వచ్చి కూర్చోవడం మొదలైంది. పంతులమ్మ వచ్చింది. సింహాచలం వచ్చాడు. అతని పెళ్ళాం చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది, విడిపించుకుని మరీ వచ్చాడు. గోడల వెంట ఏడుపులు మొదలయ్యాయి. అతిథులకి ఏమీ అర్థం కాలేదు, ఆకులు ముందు పెట్టుకుని బిక్కమొహాలు వేశారు.

భద్రం అవతలి వరసలో పడ్డాడు. ఓబుళమ్మ ముందు వంగి, పెదాలు కదిపీ కదపకుండా ఏదో గొణిగాడు.

"ఏందప్పా మంత్రం చదువుతాండావు? గట్టిగా చెప్పు, మాకూ ఇనపడనీ" అందావిడ.

భద్రం నోరు తెరిచాడు. ఆవిడ అతని మొహంలోకి చూస్తోంది. "ఏం లేదమ్మా" అన్నాడు. "సంగటి ఇంకొంచెం వెయ్యనా?"

"నేను కెలికిందే నాకు పెడ్తివి, ఎయ్యి."

విస్సు సుంకమ్మ ముందుకొచ్చాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆకులో రెండు బొబ్బట్లు వేశాడు. "ఇది నీ..." అన్నాడు.

"ఇది నాది. ఇది మా తమ్మునిది" అంది ఆ పిల్ల, వేలు పెట్టి చూపిస్తూ. పక్కన ముక్కు కారుతూ వాళ్ళ తమ్ముడు, ఆవిడగారి పావడా పట్టుకుని. రెండోది ముక్క తుంచి వాడి నోట్లో పెట్టింది. "నమిలి తిను" అని గదిమింది.

విస్సు ఆ పిల్లాడు నమిలి మింగేదాకా చూశాడు. తర్వాత గరిటె గిన్నెలో పెట్టేశాడు. మిగతా ఆరుగురూ వాణ్ణి చూసి ఎక్కడివాళ్ళక్కడ ఆగారు.

ఆ వరసలో పిల్ల పక్కన చివరి ఆకు ఒక్కటే ఖాళీగా ఉంది. వాడు వంగి చీటీ తిప్పాడు. చదివాడు. నా వైపు చూశాడు.

"అక్కా, ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"అయిదు రోజుల నుంచి."

"చెప్పలేదే?"

"చెబితే వినేవాడివా? పెడితే తింటావు. కూర్చో."

వాడు కూర్చున్నాడు. కూలబడ్డాడనాలి. నేను గుమ్మం దాటేలోపే ఓబుళమ్మే లేచి, పనసపొట్టు గిన్నె అందుకుని, వాడి ఆకులో ఇంత పెట్టింది. "తిను నాయనా. ఊరి పెద్దవంట, ఇంత బక్కగా ఉండావేంది?" వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇవాళ కడబంతిలో కూర్చున్నవాడు మావాడు, వడ్డించింది వాళ్ళావిడ. అయినా ఏ లోటూ రాలేదు.

వాడు ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆవ ఘాటని అందరికీ చెప్పాడు. అంత ఘాటు నేను పెట్టలేదు.

"మాటతో వడ్డించినవి పంతొమ్మిది. మిగిలినవి నూట నలభై నాలుగు. యుద్ధం లేదు" అని నువ్వు ప్రకటించావు. "యుద్ధమా? ఏం యుద్ధం?" అంది ఓబుళమ్మ. అప్పుడు విస్సే లేచి, ఏదీ దాచకుండా, అంతా చెప్పాడు. తింటున్నవాళ్ళు ఆపేశారు. చావు చీటీ పంపి బొబ్బట్లు పెట్టారా అని ఒకాయన ఆకు తోసేసి లేచాడు. గోదాం తాళాలు భద్రం మొలలోనే ఉన్నాయి.

"కూచోప్పా" అంది ఓబుళమ్మ ఆయనతో. "వాళ్ళ ఊరి పెద్ద పేరు గూడా ఉండాది గదా అందులో. నీళ్ళ సంగతి ఈడనే తేల్చుకుందాం. తిని మాట్లాడుదాం, ఆకలి మీద అందరూ ఎర్రోళ్ళే."

భద్రం తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టాడు. వెళ్ళి ఊరగాయ వడ్డించాడు.

రోజు 9421
పక్క విస్తరి: ఇవాళ మామూలుగా ఒక్కటే. పేరు, ఊరు, యుద్ధం, ఏవీ దొరకలేదు. ఎముకలు మాత్రం దొరికాయట.
వంట: వేడన్నం, నెయ్యి. ఎవరికైనా ఇష్టమే కదా అని.
వంతు: రామభద్రం. తనే అడిగి తీసుకున్నాడు.

నీళ్ళ పేచీ తెగలేదు. వాళ్ళ కొత్త గొట్టం వారంలో నాలుగు రోజులే తిరగాలని మావాళ్ళంటారు, అయిదని వాళ్ళంటారు. నిన్న సాయంత్రం దాకా అరుచుకున్నారు. ఎదురెదురుగా కూర్చుని అరుచుకున్నారు, అదీ విషయం. ఎల్లుండి విస్సు వాళ్ళ గట్టుకి వెళ్తున్నాడు. ఏం తింటావని ఓబుళమ్మ చీటీ పంపింది. వాడు దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

అంట్లు ఇంకా తోమలేదు. నూకయ్య నడుం పట్టేసిందని పడుకున్నాడు.

పొద్దున్నే నువ్వడిగావు. "నూట అరవై మూడు పేర్ల జాబితా ఉంది. చెరిపెయ్యనా, చచ్చినవాళ్ళ పుస్తకంలో కలపనా?"

రెండూ వద్దు. ఎవరికేం ఇష్టమో పక్కన రాసి, బతికున్నవాళ్ళ పుస్తకంలో పెట్టు.

అలాంటి పుస్తకం లేదంటావు. ఇవాళ్టి నుంచి ఉంది. మొదటి పేజీ చెబుతున్నాను, రాసుకో.

సుంకమ్మ. ఏడేళ్ళు. ఓళిగలు, రెండు. ఒకటి తమ్ముడికి.